అరగని కుర్చీ

మా కేంద్రం ర్యాంపు దగ్గర బోర్డు పెట్టిన రోజున నేను అక్కడే ఉన్నాను. "ఈ ర్యాంపు దివ్యాంగ సోదర సోదరీమణుల కొరకు శాశ్వతంగా భద్రపరచబడినది. దయచేసి దీనిపై ఎవరూ ఎక్కరాదు" అని ఉంది దాని మీద. అక్షరదోషాలు లేవు. ఉంటే నాకు మాట వచ్చేది. డిగ్రీలో తెలుగు సాహిత్యం చదువుకున్నానని కమిటీలో నాకు అప్పగించిన పని అదొక్కటే. విషయం చూడడం నా పరిధిలోకి రాదు.

మా సంస్థ పేరు సుభద్రమ్మ స్మారక ఆసరా నిధి. సుభద్రమ్మగారు రైస్‌మిల్లు యజమాని భార్య. పిల్లలు లేరు. మెయిన్ రోడ్డు మీద దుకాణాల వరసనీ, వెనకాల ఉన్న తన పెద్ద ఇంటినీ నిధికి ఇచ్చేసి వెళ్ళిపోయారు. దుకాణాల అద్దె వస్తుంది, ఆ అద్దెతో ఇంట్లో సేవ జరుగుతుంది. కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేనివాళ్ళకి వ్యాయామాలు చేయించడం, చక్రాల కుర్చీలూ చంకకర్రలూ అవసరమున్నంత కాలం ఇంటికివ్వడం. ఆవిడ ఆలోచన అంతవరకే. మరీ చిన్న ఆలోచన కావడంతో చాలా ఏళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

తర్వాత విశ్వపతిగారు అధ్యక్షులయ్యారు. ఆయన గిడ్డంగుల్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన హయాంలో గిడ్డంగిలోకి వెళ్ళిన బస్తా వెళ్ళినట్టే ఉండేదని పేరు. ధాన్యం ముక్కిపోయింది కదా అని ఎవరో అంటే, "ముక్కిపోవడం వేరు, పోవడం వేరు. లెక్కలో ఉందా లేదా చూడండి" అన్నారట. అలాంటి మనిషి దొరకడం సంస్థ అదృష్టమని సన్మాన పత్రంలో రాశారు. ఆ పత్రం కూడా నేనే దిద్దాను.

ఆ ఏడాది రాజధాని నుంచి ఒక సలహాదారుణ్ణి పిలిపించారు. చిన్నవాడే. చెవికి మైకు, చేతిలో చిన్న మీట. తెర మీద మా చక్రాల కుర్చీల ఫొటోలు ఒక్కొక్కటే చూపించాడు. తొడుగులు చిరిగినవి, చక్రాలు అరిగినవి.

"ఆస్తికి అతి పెద్ద శత్రువు ఎవరు?" అని అడిగాడు.

"దొంగలండీ" అన్నారు కోశాధికారి.

"చెదలేమో" అన్నారు ఇంకొకరు.

"కాదు. వాడేవాడు."

విశ్వపతిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన జీవితమంతా మనసులో అనుకున్న మాట ఒకరి నోట విన్నట్టున్నారు.

కేంద్రంలో వ్యాయామాలు చేయించే సలోమి వెనక కుర్చీలోంచి లేచింది. "మరి వాడకపోతే అది సేవ ఎలా అవుతుందండీ?"

"సేవ ఇవాళ్టికి మేడమ్. సుస్థిరత ఎల్లకాలానికి. రేపటి దివ్యాంగుడి ముఖం మీరెప్పుడైనా చూశారా?"

"లేదండీ. ఇవాళ్టి వాళ్ళని చూడ్డానికే టైము సరిపోవట్లేదు."

"అక్కడే ఉంది సమస్యంతా" అన్నాడతను, చాలా జాలిగా.

అప్పుడే అతను "సున్నా అరుగుదల" గుర్తింపు గురించి చెప్పాడు. ఏడాది పొడుగునా ఏ ఆస్తీ అరగని సంస్థకి ఇత్తడి ఫలకం ఇస్తారు. పక్క జిల్లాలో ఒక ధర్మసంస్థకి అప్పుడే వచ్చేసిందట. అక్కడ తలుపులు తెరవడం మానేసి చాలాకాలమైందని మాకు తర్వాత తెలిసింది. అయినా ఫలకం మాత్రం తళతళలాడుతూ ఉందన్నారు చూసొచ్చినవాళ్ళు.

ఆ వారమే పని మొదలైంది. ముందుగా ర్యాంపుకి పాలిష్ పట్టించి, అడ్డంగా ఎర్ర తాడు కట్టి, బోర్డు పెట్టారు. నడక నేర్చుకునేవాళ్ళు పట్టుకునే ఇనప కమ్మీలకి మఖమల్ గుడ్డ చుట్టారు. చేతి చెమట తగలకూడదు. వ్యాయామాలు ఇకమీదట సలోమి నోటితో చెబితే, వచ్చినవాళ్ళు విని ఇంటికి వెళ్ళి చేసుకోవాలి. చక్రాల కుర్చీలన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు వేశారు. ఈ పని మాత్రం మా కమిటీలోని ఆడవాళ్ళం చాలా బాగా చేశాం. ఫ్రిజ్జుకీ, మిక్సీకీ, సోఫాకీ, టీవీ రిమోటుకీ కవర్లు వేసిన చేతులు మావి. షోకేసులో పెట్టిన గాజు గిన్నెల సెట్టు పెళ్ళయిన నాటి నుంచీ పగలకుండా దాచినవాళ్ళం. ఏ ఇంట్లోనూ దాన్లో ఎవరూ అన్నం తినలేదు.

బోర్డు పెట్టిన మర్నాడు హైమ వచ్చింది.

హైమకి పుట్టినప్పటినుంచీ రెండు కాళ్ళలోనూ బలం లేదు. డిగ్రీ పాసయింది. ఆటో దిగి, బోర్డు చదివి, నా వంక చూసింది. "ర్యాంపుకి దిష్టి తగలకుండా గుమ్మడికాయ కూడా కట్టించాల్సింది పిన్నిగారూ."

"మెట్ల మీంచి రావచ్చమ్మా" అని లోపల్నుంచి కేకేశారు విశ్వపతిగారు. "మెట్లు పాతవి. వాటి ఆయుష్షు ఎప్పుడో అయిపోయింది."

హైమ మెట్ల మీద కూర్చుని, చేతులు ఊనుకుంటూ, ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కింది. పైకి వచ్చాక చేతులు దులుపుకుని, వచ్చిన పని చెప్పింది. బస్టాండులో వచ్చే పోయే బస్సుల సంగతి మైకులో చెప్పే ఉద్యోగం ఆమెకి వచ్చింది. ఒకటో తారీకున చేరాలి. తనంతట తను రోజూ రాగలిగితేనే. ఇన్నాళ్ళూ ఎక్కడికైనా వాళ్ళన్న బండి మీద ఎత్తుకు వెళ్ళేవాడు. ఇప్పుడు అతను లారీ మీద పోతున్నాడు, వారాల తరబడి ఇంటికి రాడు. మా కేంద్రానికి ఎవరో దాత ఇచ్చిన బ్యాటరీ కుర్చీ ఒకటుంది. మీట నొక్కితే దానంతటదే పోతుంది. అది కావాలి.

"ఎక్కడెక్కడికి తీసుకెళ్తావు?" అన్నారు విశ్వపతిగారు.

"బస్టాండుకండీ."

"రోజూనా?"

"ఉద్యోగమంటే రోజూనే కదండీ."

"రోడ్డు మీదేనా?"

"మరి గాల్లో పోదు కదండీ."

విశ్వపతిగారు కళ్ళు మూసుకున్నారు. రోడ్డు మీది గుంతలన్నీ ఆయన కళ్ళ ముందు కదులుతున్నట్టున్నాయి. "చూడమ్మా, నీ పట్ల సంస్థకు గల సానుభూతి అపారమైనది. ఐతే ఒక్కరి తాత్కాలిక ప్రయోజనం కొరకు భావితరాల కుర్చీని పణంగా పెట్టజాలము. నీ అభ్యర్థన కమిటీ సమక్షంలో ఉంచి, సమీక్షించి, తగు నిర్ణయం గైకొనబడును."

"భావితరాలంటే ఎవరండీ?"

"ఇంకా పుట్టలేదు."

"అయితే వాళ్ళకంత తొందర ఉండదు కదండీ" అంది హైమ.

కమిటీ సమావేశమైంది. కుర్చీలు ఎవరికివ్వాలన్నదానికి సలహాదారు ఫోనులో మంచి పద్ధతి చెప్పాడు. ఎవరి దగ్గర కుర్చీ తక్కువ అరుగుతుందో వాళ్ళకి ఎక్కువ మార్కులు. ఇందులో పక్షపాతానికి తావు లేదు. ఇంటి దగ్గర గతుకుల రోడ్డుంటే మార్కులు తగ్గుతాయి. రోజూ బయటికి వెళ్ళే పనుంటే ఇంకా తగ్గుతాయి. కాళ్ళు బాగా పనిచేసేవాళ్ళకి పూర్తి మార్కులు. ఎందుకంటే వాళ్ళు కుర్చీలో కూర్చోవలసిన అవసరమే రాదు.

సలోమి నవ్విందిగానీ, ఆ నవ్వు మినిట్స్‌లోకి ఎక్కలేదు.

ఈ లెక్కన హైమకి సున్నా వచ్చింది. నగల కొట్టు షావుకారుకి మంచి మార్కులు వచ్చాయి. ఆయన పొద్దున్నే సముద్రం ఒడ్డున పరిగెడతాడు. ఆయన హాల్లో ఒక చక్రాల కుర్చీ పెట్టి, పక్కన పూలకుండీ పెట్టారు. విశ్వపతిగారి వియ్యంకుడికి ఒకటి. ఆయనకి టెన్నిస్‌లో కప్పులున్నాయి. అలా కుర్చీలన్నీ ఊళ్ళోని ఆరోగ్యవంతుల ఇళ్ళకి చేరాయి. తీసుకున్నవాళ్ళకి "శ్రేష్ఠ సంరక్షక కుటుంబం" అని స్టిక్కరు ఇచ్చారు, వీధి తలుపుకి అంటించుకోడానికి. ఆ స్టిక్కరు లేని ఇల్లు కాస్త చిన్నతనంగా కనిపించే రోజులొచ్చాయి. కొందరైతే తమకి ఏ జబ్బూ లేదని డాక్టరు చేత రాయించుకుని మరీ వచ్చారు.

బ్యాటరీ కుర్చీ మా ఇంటికి వచ్చింది. నేను అడగలేదు. ఒకసారి మా ఇంటికి కాఫీకి వచ్చినప్పుడు విశ్వపతిగారు మా ఫ్రిజ్జు కవరు చూశారు. దాని అంచుకి నేను కుట్టిన లేసు ఆయనకి గుర్తుండిపోయింది.

కుర్చీతో పాటు నియమాలు కూడా వచ్చాయి. కూర్చోరాదు. జరపరాదు. స్విచ్చులు తాకరాదు. కవరు తీయరాదు. నెలకోసారి అధ్యక్షులే స్వయంగా వచ్చి తనిఖీ చేస్తారు.

మా ఆయన పేపరు దించి దాన్ని చూశారు. "బ్యాటరీది కదా, ఛార్జింగ్ పెట్టొద్దా?"

"స్విచ్చులు తాకరాదని రాశారు."

"మనం ఊరెళ్ళొచ్చేసరికి నా స్కూటరు చచ్చి ఊరుకుంది, గుర్తుందా?"

"గుర్తుంది" అన్నాను.

ఆయన నా ముఖం వంక కాసేపు చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. నేను నియమాలు తు.చ. తప్పకుండా పాటించాను. ఏనాడూ ఆ ప్లగ్గు ముట్టుకోలేదు.

కుర్చీ మా ఇంట్లో ఉందని తెలిసి, ఒకనాటి మధ్యాహ్నం హైమ వచ్చింది. ఆటోవాడు గుమ్మం దాకా దింపాడు. ముందు గదిలో చాప మీద కూర్చుని, కుర్చీని కిందినుంచి పై దాకా చూసింది.

"ముట్టుకోవచ్చా పిన్నిగారూ?"

"కవరు మీద ముట్టుకో. కవరు గురించి ఏం రాయలేదు."

ప్లాస్టిక్ మీద చెయ్యి వేసి నిమిరింది. పాపాయి ఒంటి మీద వేసినట్టు వేసింది. "బస్టాండు వాళ్ళకి మళ్ళీ ఫోన్ చేశానండీ. ఒకటో తారీకు దాటితే ఇంకొకళ్ళని పెట్టుకుంటారంట. రోజూ ఆటో మీద పోతే జీతం ఆటోవాడికే సరిపోద్ది. ఇంట్లో కూర్చున్నా అంతే, వెళ్ళినా అంతే."

నేను కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళాను. ముందు గదిలోంచి గొంతు వినిపించింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. తుని, అన్నవరం మీదుగా విశాఖపట్నం వెళ్ళవలసిన బస్సు మరికొద్ది సేపట్లో రెండవ నంబరు ప్లాట్‌ఫారం నుండి బయలుదేరును." స్పష్టంగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా. బస్సు నిజంగానే బయల్దేరుతోందనిపించింది. నేను తిరిగొచ్చేసరికి హైమ ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీతో చెబుతోంది.

"రిహార్సలు" అని నవ్వింది. "ఇది కూడా పాపం ఎక్కడికీ వెళ్ళట్లేదు కదా, బస్సుల సంగతైనా వింటుందని."

ఆ నెల చివర్లో విశ్వపతిగారు తనిఖీకి వచ్చారు. కోశాధికారిని వెంటబెట్టుకొచ్చారు. చెప్పులు బయట విడిచి, కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "అద్భుతం. దుమ్ము కూడా లేదు. ఇదీ సంరక్షణంటే!" అని, కవరు మీదనుంచే, స్వయంగా, మీట నొక్కారు. పచ్చదీపం వెలగలేదు. ఇంకోసారి నొక్కారు. ఊహూఁ.

"ఏం చేశారమ్మా దీన్ని?"

"ఏమీ చెయ్యలేదండీ."

"ఎవరైనా వాడారా?"

"ఎవరూ వాడలేదండీ. అస్సలు."

కోశాధికారి, కుర్చీ అమ్మిన కంపెనీకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు. అవతలి మనిషికి మా సంస్థ గౌరవం తెలీదు. "వాడకుండా ఎందుకు పెట్టారండీ? బ్యాటరీ ఊరికే కూర్చుంటే చచ్చిపోద్ది. ఇవాళ ఛార్జింగ్ పెట్టండి, బహుశా లేస్తది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పాలి. ఇంకో నెల ఇట్టాగే ఉంచితే అది పనికిరాదు."

విశ్వపతిగారు మా సోఫా కవరు మీద కూలబడ్డారు. నేను మంచినీళ్ళిచ్చాను. వాడకపోతే అరిగిపోయే వస్తువు లోకంలో ఉంటుందని ఆయనకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మర్నాడే అత్యవసర సమావేశం. అప్పటికి ఒకటో తారీకు ఎంతో దూరం లేదు. సలహాదారు ఫోనులో బాగా ఆలోచించి, సిద్ధాంతం మారలేదన్నాడు. కుర్చీని ఎవరూ వాడకూడదు, అది నిజమే. కానీ కుర్చీకి ఎవరైనా సేవ చేయవచ్చు. వాడడం వేరు, వ్యాయామం చేయించడం వేరు.

ఆ మాటతో విశ్వపతిగారి ముఖంలోకి రక్తం వచ్చింది. "బ్యాటరీ కుర్చీకి దైనందిన వ్యాయామం చేయించు నిమిత్తం ఒక వ్యాయామ సేవకుణ్ణి నియమించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది. మా బావమరిది కొడుకున్నాడు. జిమ్ముకి వెళ్తాడు. మంచి దృఢకాయుడు."

"చాలా సంతోషం" అన్నారు కోశాధికారి.

అందరూ చేతులెత్తబోతున్నారు. కమిటీలో నేను అంతవరకూ విషయం మీద నోరు విప్పలేదు. "ఒక్క సందేహమండీ" అన్నాను.

"అక్షరదోషమా?"

"కాదండీ. ఆ అబ్బాయికి కాళ్ళున్నాయి కదా."

"ఉన్నాయి. అదే కదా అర్హత!"

"కాళ్ళున్న మనిషి దారిలో టీ కొట్టు కనపడితే కుర్చీలోంచి లేచిపోతాడండీ. స్నేహితుడు కనపడితే దాన్ని రోడ్డు పక్కన వదిలేసి కబుర్లకి నిలబడతాడు. ఆ ఎండలో కుర్చీ గతేం కాను? రెండో రోజుకి విసుగు పుట్టి మానేస్తాడు. దీన్ని వదిలిపెట్టి ఎక్కడికీ పోలేని మనిషి కావాలి. రోజూ ఒకే వేళకి, ఒకే దూరం, మానకుండా తిప్పాల్సిన పని ఉన్న మనిషైతే మరీ మంచిది."

ఎత్తబోయిన చేతులు కిందికి దిగాయి.

"మేడమ్ చెప్పినదాన్లో సాంకేతిక ప్రామాణ్యత కలదు" అన్నారు విశ్వపతిగారు చివరికి. "అటువంటి వ్యక్తి దొరకాలి కదా?"

"హైమ ఇంటి నుంచి బస్టాండుకి రానూపోనూ కంపెనీవాడు చెప్పిన దూరమే అవుతుందండీ" అంది సలోమి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అలా హైమకి బ్యాటరీ కుర్చీ ఇవ్వలేదు. బ్యాటరీ కుర్చీకి హైమని ఇచ్చారు. నియామక పత్రంలో ఆమె హోదా "ఆస్తి వ్యాయామ సేవిక (గౌరవ)". ఒకటో తారీకు పొద్దున్న, ఛార్జింగ్ ఎక్కిన దాన్ని ఆమె మా ఇంటి గుమ్మంలోంచి తోలుకుపోయింది. కవరు తీయవచ్చా అని అడిగితే, సేవ చేసేటప్పుడు తీయవచ్చునని ఫోనులో అనుమతి ఇచ్చారు.

వానలు పడ్డాయి. ఎవరూ ఎక్కని ర్యాంపు మీద నాచు పట్టింది. మఖమల్ కింద ఇనప కమ్మీలకి తుప్పు కనిపించింది. షావుకారు ఇంట్లో కుర్చీ చక్రాల రబ్బరు ఒకేచోట నిలబడి ఒకవైపు నొక్కుకుపోయింది. ఇప్పుడు కమిటీకి దారి తెలిసిపోయింది. ర్యాంపుకి నాచు పట్టకుండా చక్రాలతో రుద్దడానికి కొందరిని నియమించారు, కమ్మీలని అరచేతులతో తోమడానికి కొందరిని. కుర్చీలు ఆరోగ్యవంతుల ఇళ్ళనుంచి వెనక్కి వచ్చి, సేవకుల ఇళ్ళకి వెళ్ళాయి. సేవకులందరూ పాత మొహాలే. సలోమి మళ్ళీ చేతులతో పని చేస్తోంది. కేంద్రం సుభద్రమ్మగారి నాటిలాగే కిటకిటలాడుతోంది. ఒక్కటే తేడా. అప్పట్లో వీళ్ళు వచ్చి సాయం తీసుకునేవారు. ఇప్పుడు హాజరు వేసి, కృతజ్ఞతలు చెప్పి, పని ఎగ్గొడితే సంజాయిషీ ఇస్తున్నారు.

కొత్త బోర్డు కూడా పెట్టారు. "ఇచ్చట దివ్యాంగ సోదర సోదరీమణులచే ఆస్తులకు నిస్వార్థ సేవ చేయబడును." నేను దిద్దాను. తప్పుల్లేవు.

ఇత్తడి ఫలకం కూడా వచ్చింది. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా కవరు వేశారు.

మొన్న హైమ మా ఇంటి ముందు కుర్చీ ఆపి, గేటు దగ్గర్నుంచే పిలిచింది. ఆమెకి మా సంస్థ ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఆదివారం ఆమెకి బస్టాండులో సెలవు కదా, మరి ఆ రోజు మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కుర్చీ ఎక్కడున్నదో, ఎవరి అనుమతితో ఉన్నదో తెలియజేయాలని.

"జవాబు రాశాను పిన్నిగారూ. ఓసారి దిద్దిపెట్టండి."

గేటు దగ్గరే నిలబడి చదివాను.

"గౌరవనీయులైన అధ్యక్షులవారికి. ఆరు రోజుల పాటు బస్టాండు పొగ పీల్చిన కుర్చీకి గాలిమార్పు అవసరమని గమనించి, ఆదివారం దానిని సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్ళితిని. ఇసుకలోకి దింపలేదు. కుర్చీ చాలాసేపు అలలను చూచినది. దానిని ఒంటరిగా విడిచిపెట్టరాదను నియమం ఉన్నందున నేను కూడా చూడవలసి వచ్చినది. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినను, నేను సముద్రం చూడడం ఇదే మొదటిసారి. విధి నిర్వహణలో లోపం జరగలేదని మనవి. వచ్చే ఆదివారం కూడా కుర్చీకి గాలిమార్పు అవసరమయ్యే సూచనలు కనిపించుచున్నవి."

రెండుసార్లు చదివి, కాగితం తిరిగి ఇచ్చాను.

"ఏమైనా తప్పులున్నాయా?"

"ఒక్కటీ లేదు" అన్నాను. విషయం చూడడం నా పరిధిలోకి రాదు.